ఫోను తెగినా మనిషిని వదలకూడదు

(అమరావతిలో జరిగిన మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏటా ఈ సభలో చదువుల గురించి, ఉపకార వేతనాల గురించి, బీద ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి కమిటీ వారు వేరే విషయం మీద మాట్లాడమన్నారు. మనసు బాగాలేనివాళ్లు ఈ రోజుల్లో ఫోనులోనే డాక్టరుకు చూపించుకుంటున్నారు. మాట్లాడుతుండగా ఆ ఫోను మొరాయిస్తే ఏమి చెయ్యాలి? ఇదీ ప్రశ్న. మన పేటలో ఇలాంటి వాళ్లకు ఫోను కలిపి ఇచ్చి సాయం చేస్తున్న నలుగురి తరఫున ఈ నాలుగు మాటలు చెబుతున్నాము. "సిగ్నల్ లేకపోతే మళ్లీ చేసుకుంటాం, దీనికి ఉపన్యాసం కూడా కావాలా?" అని కొందరు అనుకోవచ్చు. కాస్త ఓపికపట్టి వినమని కోరుతున్నాము.

ముందుగా ఒక మాట. మనసు జబ్బు కూడా జబ్బే. షుగరు ఎలాంటిదో, బీపీ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. బెంగళూరులోని నిమ్‌హాన్స్ వారు 2015-16 లో మన దేశంలో 12 రాష్ట్రాలలో సర్వే చేశారు. పెద్దవాళ్లలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక బాధతో ఉన్నారని తేలింది. అంతకన్నా బాధాకరమైన సంగతి ఏమిటంటే, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదు. ఈ సభలో రెండు వందల మంది ఉన్నామనుకుంటే, మన మధ్యనే ఎంతమంది ఉన్నారో, వారిలో ఎంతమంది ఎవరికీ చెప్పుకోకుండా కూర్చున్నారో మీరే లెక్క వేసుకోండి.

ఎందుకు అందడం లేదు? మనకు దగ్గర పెద్దాసుపత్రి గుంటూరు. సుమారు 35 కిలోమీటర్లు. లేదంటే మంగళగిరి ఎయిమ్స్. పోయి, వరుసలో నిలబడి, చూపించుకుని వచ్చేసరికి రోజంతా అయిపోతుంది. మిరప కోతల రోజుల్లో అయితే కూలి కూడా పోతుంది. పేషెంటుకు తోడుగా ఇంకో మనిషి కూలి కూడా పోతుంది. దానికి తోడు మనసు డాక్టరు గది ముందు కూర్చుంటే మన ఊరివాళ్లెవరైనా చూస్తారేమోనన్న భయం. పెళ్లికావలసిన ఆడపిల్ల అయితే ఇంక చెప్పనక్కరలేదు. అందుకనే ఫోను వైద్యం మనలాంటి వాళ్లకు నిజంగా ఒక వరం.

ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. దూరాన ఉన్న రోగిని తెర మీద చూసి వైద్యం చెయ్యడం మొదలైన తొలి రోజుల్లోనే మానసిక వైద్యం అందులో ఉంది. అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం డాక్టర్లు 1959 లోనే టెలివిజను తీగల ద్వారా అటూ ఇటూ మాట్లాడే ఏర్పాటు చేసుకున్నారు. 1964 లో 112 మైళ్ల దూరంలో ఉన్న మానసిక చికిత్సాలయంతో కలుపుకున్నారు. ఈ వైద్యంలో డాక్టరు చేతి కంటే చెవికి ఎక్కువ పని, మాట వినబడితే సగం పని అయినట్లే. మన రాష్ట్రంలో చిత్తూరు జిల్లా అరగొండ గ్రామంలో 2000 సంవత్సరంలో అపోలో వారు ఉపగ్రహం ద్వారా దూర వైద్యం మొదలుపెట్టారు. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో స్కార్ఫ్ సంస్థ వారు 2010 నుంచి ఒక బస్సును పల్లెలకు పంపి, అందులోని తెర మీద చెన్నై డాక్టరుతో మాట్లాడించి, మందులు అక్కడే ఇప్పించారు.

ఇక ప్రభుత్వం వారి ఇ-సంజీవని ఉన్నది. పల్లె ఆరోగ్య కేంద్రంలో కూర్చున్న రోగిని దూరాన ఉన్న డాక్టరుకు చూపించే ఈ ఏర్పాటును 2019 నవంబరులో దేశం మొత్తం మీద మొదట అమలు చేసింది మన ఆంధ్రప్రదేశే. కరోనా వచ్చి ఊళ్లన్నీ మూతబడిన రోజుల్లో, 2020 మార్చి 25న, ఫోను వైద్యానికి కేంద్ర ప్రభుత్వం నియమావళి ఇచ్చింది. 2022 అక్టోబరు 10న టెలి మానస్ వచ్చింది. 14416 నెంబరు. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నెంబరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాము.

ఇప్పుడు అసలు విషయం. మోకాలి నొప్పికి ఫోనులో చూపించుకుంటూ ఉండగా లైను తెగిందనుకోండి. చిరాకు పడి మళ్లీ చేస్తారు. అంతటితో సరి. మనసు జబ్బు అలా కాదు. ఆ మనిషి అప్పటికే "నేనంటే ఎవరికీ అక్కరలేదు" అనుకుంటూ ఉంటాడు. నెలల తరబడి గొంతులో పెట్టుకున్న మాట ఒకటి అప్పుడే బయటికి వచ్చి ఉంటుంది. సరిగ్గా ఆ క్షణాన తెర ఆగిపోతే, సిగ్నల్ పోయిందని అతను అనుకోడు. "నా మాట విని డాక్టరుకే అసహ్యం వేసింది" అనుకుంటాడు.

ఊరు చెప్పము, పేరు చెప్పము గాని, ఇలాంటిది మా ఎరుకలోనే జరిగింది. ఒక చెల్లెలు, పసిబిడ్డ తల్లి. బిడ్డ పుట్టినప్పటి నుంచి నిద్ర లేదు, తిండి లేదు. బిడ్డను ఎత్తుకోవాలంటేనే భయం. ఎంతో బతిమాలితే డాక్టరమ్మతో వీడియోలో మాట్లాడటానికి ఒప్పుకుంది. ఆ భయం సంగతి చెప్పింది. చెప్పగానే తెర మీద డాక్టరమ్మ ముఖం బిగుసుకుపోయినట్లు నిలిచిపోయింది. పలుకు లేదు. రెండు నిమిషాలు చూసి ఈమె ఫోను పక్కన పడేసి లోపలికి పోయింది. జరిగింది ఏమిటంటే, ఆ రోజుకు ఇచ్చిన డేటా పొద్దున్నే ఇంట్లో పిల్లవాడు ఆటలకు వాడేశాడు. అవతల డాక్టరమ్మ "అమ్మా, వినబడుతోందా?" అని పిలుస్తూనే ఉన్నది. ఈ సంగతి ఆమెకు నచ్చచెప్పి మళ్లీ ఫోను దగ్గర కూర్చోబెట్టడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ వాళ్ల అమ్మీ రాత్రిళ్లు నిద్రపోలేదు. బిడ్డను తన పక్కలో వేసుకుని కాపలా కాసింది. ఇప్పుడు తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు, అల్‌హందులిల్లాహ్. కాని ఆ మూడు నెలలూ ఊరికే పోయాయి గదా!

అందుచేత మేము చెప్పదలచుకున్న మొదటి సూత్రం ఇది. మాట మొదలుపెట్టకముందే, మాట తెగితే ఏమి చెయ్యాలో రెండు పక్కలా అనుకోవాలి. డాక్టరు అడగకపోయినా మనమే అడగాలి. "అయ్యా, లైను తెగితే మీరు చేస్తారా, మమ్మల్ని చెయ్యమంటారా? ఎంతసేపు చూడాలి? వీడియో రాకపోతే మామూలు ఫోను చేస్తారా?" అని అడిగితే ఏ డాక్టరూ తప్పుగా అనుకోరు. ఆ జవాబు కాగితం మీద రాసి రోగి కళ్ల ఎదుట పెట్టాలి. తరవాత రోగితో ఇలా చెప్పాలి: "మధ్యలో ఆగిపోవచ్చు. ఆగితే అది టవర్ వల్ల. నీ మాట వల్ల కాదు. మళ్లీ కలుస్తుంది." ఈ మాట ముందే చెప్పి ఉంటే, తెగినప్పుడు ఆ మనిషి నిలదొక్కుకుంటాడు. తెగిన తరవాత చెబితే సర్దిచెప్పినట్లు ఉంటుంది.

ఇక ముందురోజు చేసుకోవలసిన పనులు. ఇవి ఇంట్లో చదువుకున్న పిల్లలు చెయ్యవచ్చు.

మొదటిది డేటా. చాలా రీఛార్జీలలో రోజుకు ఇంత అని కొలత ఉంటుంది. అది అయిపోతే నెట్టు పూర్తిగా ఆగదు గాని నత్తనడక నడుస్తుంది. అక్షరాలు వస్తాయి, బొమ్మ రాదు. అర్ధరాత్రి దాటితే మళ్లీ కొత్త కొలత వస్తుంది. కాబట్టి వీలైతే ఉదయం వేళ తీసుకోండి. సాయంత్రమైతే ఊరంతా సీరియళ్లు, క్రికెట్టు చూస్తూ ఉంటారు, ఒకే టవర్ మీద బరువంతా పడుతుంది. ఆ పూటకు పిల్లల చేతికి ఆ ఫోను ఇవ్వకండి.

రెండవది చోటు. మన ఇళ్లలో గోడలు మందంగా ఉంటే లోపలి గదిలోకి సిగ్నల్ రాదు. డాబా మీదికి పోతే సిగ్నల్ వస్తుంది గాని పక్కింటివాళ్లు వింటారు. ముందురోజు అదే వేళకు మీవాళ్లకే ఒక వీడియో కాలు చేసి, ఏ మూల బాగా వస్తుందో చూసుకోండి. కిటికీ దగ్గర మంచిది. అయితే వెలుతురు ముఖం మీద పడాలి. వెనక నుంచి పడితే ముఖం నల్లగా కనబడుతుంది. డాక్టరు కన్నీరు చూడాలి, చేతుల వణుకు చూడాలి. ముఖమే కనబడకపోతే ఎలా?

మూడవది ఫోను. నిండా ఛార్జింగ్ పెట్టండి. మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. బ్యాటరీ ఆదా చేసే అమరిక తీసెయ్యండి. కొన్ని ఫోన్లలో అది యాప్‌ను మధ్యలో మూసేస్తుంది. కెమెరాకూ మైకుకూ అనుమతి ఇవ్వాలా అని ఫోను అడుగుతుంది. కంగారులో "వద్దు" నొక్కితే మన మాట అవతలికి పోదు. ఆ అనుమతి ముందే ఇచ్చి చూసుకోండి. మాట్లాడుతున్న సమయంలో పెళ్లి పిలుపు ఫోను ఒకటి వస్తే డాక్టరు మాట ఆగిపోతుంది. కాబట్టి ఆ గంటసేపు వీలైతే ఇంకో ఫోనులో పెట్టండి, లేదా చుట్టాలకు ముందే చెప్పండి. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు వంద రూపాయలకు దొరుకుతాయి. అవి పెట్టుకుంటే డాక్టరు మాట గది దాటిపోదు, మన మాట మనకే తిరిగి వినబడే గోల కూడా ఉండదు.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, గుట్టు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షను ప్రకారం రోగి సంగతులు గోప్యంగా ఉంచడం అతని హక్కు. డాక్టరు ఆ హక్కును కాపాడతారు. మనం కాపాడుతున్నామా? ఫోను కలిపే మిషతో బావ పక్కన కూర్చుంటే, అత్తగారు గుమ్మంలో నిలబడితే ఆ కోడలు ఏమి చెబుతుంది? "అంతా బాగానే ఉంది డాక్టరుగారూ" అంటుంది. ఆ మాట సిగ్నల్ బాగుండి చక్కగా వినబడినా ఉపయోగం ఏముంది? సాంకేతిక సాయం చేసేవాళ్లు ఫోను కలపాలి, మాట వినబడుతోందా అని ఒక్కసారి చూసుకోవాలి, బయటికి వచ్చి తలుపు వెయ్యాలి. పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి. ఓటీపీ ఎవరి నెంబరుకు వస్తుందో, మందుల చీటీ ఎవరి ఫోనుకు వస్తుందో ముందే అడగండి. భార్య మందుల చీటీ భర్త ఫోనుకు, అక్కడి నుంచి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపుకు పోయిన ఉదంతాలు ఉన్నాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఖాలాలు తెలుగులో మనసు విప్పలేకపోవచ్చు. వారికి వచ్చిన భాష మాట్లాడే డాక్టరు కావాలని ముందే అడగండి. అంతేగాని పదేళ్ల మనవరాలిని దుబాసీగా కూర్చోబెట్టకండి. నానీ బాధ మొయ్యగల వయసు కాదు అది. రోగే మైనరు అయితే మాత్రం నియమావళి ప్రకారం పెద్దవారు ఒకరు తోడు ఉండాలి.

ఇక మాట్లాడుతుండగా వచ్చే చిక్కులు.

బొమ్మ ఆగి ఆగి వస్తుంటే వీడియో తీసెయ్యండి. మాట మాత్రం ఉంచుకోండి. మాటను పంపడానికి వీడియోకు కావలసినదానిలో పదో వంతు కూడా అక్కరలేదు. 2020 నియమావళిలో వీడియో, మాట, రాత మూడూ సంప్రదింపు మార్గాలే. "వీడియో లేకపోతే వైద్యం కాదు" అనుకోనక్కరలేదు. సిగ్గుపడేవాళ్లు కొందరు బొమ్మ తీసేశాకనే ధైర్యంగా మాట్లాడటం కూడా మేము చూశాము.

ఒక్కొక్కసారి మాట రెండు సెకన్లు ఆలస్యంగా పోతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఆగిపోతారు. డాక్టరు అడిగిన తరవాత ఒక ఊపిరి తీసుకుని జవాబు చెప్పండి. అవతల మౌనం కనబడితే వెంటనే తప్పు పట్టకండి.

మన తెలుగుకు సంబంధించిన ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. మన భాషలో కాదు, లేదు, వద్దు అన్న మాటలు వాక్యం చివర వస్తాయి. చివరి ముక్క తెగితే అర్థమే తలకిందులు అవుతుంది. "చచ్చిపోవాలని అనిపించడం లేదు" అని రోగి అంటే అవతల "చచ్చిపోవాలని అనిపించడం..." వరకే వినబడవచ్చు. "ఆ మాత్ర ఇంక వేసుకోవద్దు" అని డాక్టరు అంటే మనకు "ఆ మాత్ర ఇంక వేసుకో..." అని వినబడవచ్చు. ప్రాణం మీదికి వచ్చే పొరపాటు ఇది. అందుచేత ముఖ్యమైన మాట ఏదైనా రెండోసారి, వేరే విధంగా చెప్పాలి. మందు సంగతి అయితే మనమే తిరిగి చెప్పి ఒప్పించుకోవాలి. "తెల్ల మాత్ర ఆపెయ్యాలి, పసుపు మాత్ర రాత్రికి సగం, అంతేనా అండీ?" అనాలి. చీటీ వచ్చాక దానితో సరిచూసుకోవాలి. చీటీ రాకుండా, విన్న మాట మీదనే మందు మార్చకూడదు.

అన్నీ చేసినా లైను పూర్తిగా తెగిపోయిందనుకోండి. అప్పుడు వరసగా ఏమి చెయ్యాలో చెబుతాము.

బయట ఉన్న తోడు మనిషి వెంటనే లోపలికి పోయి రోగి పక్కన కూర్చోవాలి. ఫోను సంగతి ఆ తరవాత. "టవర్ పోయింది, డాక్టరుగారు చేస్తారు" అని చెప్పాలి. ఏమి మాట్లాడావని మాత్రం అడగకూడదు. ముందు అనుకున్నదాని ప్రకారం ఎవరు చెయ్యాలో వాళ్లే చెయ్యాలి. ఇద్దరూ ఒకేసారి చేస్తే ఇద్దరికీ బిజీ అనే వస్తుంది. అయిదు నిమిషాలు ఆగి మామూలు ఫోను చెయ్యాలి. దొరకకపోతే "లైను తెగింది, మేము ఇక్కడే ఉన్నాము, రోగి కుదురుగానే ఉన్నారు" అనో, "రోగి బాగా ఆందోళనగా ఉన్నారు, త్వరగా పిలవండి" అనో ఒక సందేశం పెట్టాలి. ఆ పూట కుదరకపోతే మరుసటి తేదీ అదే రోజున తీసుకోవాలి. "తరవాత చూద్దాంలే" అంటే ఆ తరవాత రాదు. డబ్బు కట్టిన చోట రసీదు అడగండి. ఫోను వైద్యానికి కూడా రసీదు ఇవ్వాలని నియమావళిలోనే ఉన్నది. సగంలో ఆగిన సంప్రదింపును మళ్లీ జరపమని మర్యాదగా అడగడానికి అది పనికివస్తుంది. "మీ డాక్టరు లైను కలుపుతాము, ఓటీపీ చెప్పండి, డబ్బు పంపండి" అని కొత్త నెంబరు నుంచి ఎవరైనా చేస్తే నమ్మకండి.

ఇంటి ఫోనుతో రెండుసార్లు విఫలమైతే పట్టు పట్టి కూర్చోకండి. మీ ఊరి ఆరోగ్య కేంద్రానికి తీసుకుపొండి. అక్కడి సిబ్బంది ఇ-సంజీవనిలో డాక్టరుతో కలుపుతారు. డాక్టరు దొరకలేదని ఉన్న మందు మాత్రం ఆపకండి. మనసు మందులు కొన్ని హఠాత్తుగా మానితే జబ్బు తిరగబెడుతుంది, వేరే ఇబ్బందులు కూడా వస్తాయి. చేతిలో కనీసం వారం రోజుల మందు మిగిలి ఉండగానే తరవాతి తేదీ పెట్టుకోండి. అప్పుడు ఒక రోజు సిగ్నల్ పోయినా కొంప మునగదు.

ఈలోగా రాత్రి పూట బాధ ఎక్కువైతే? అందుకే 14416 గుర్తుపెట్టుకోమన్నది. దీనికి యాప్ అక్కరలేదు, డేటా అక్కరలేదు, బటన్ల ఫోను చాలు. మొదట సలహాదారు మాట్లాడతారు, అవసరమైతే పై వైద్యులకు అప్పగిస్తారు. ఇదీ మధ్యలో తెగవచ్చు. తెగితే మళ్లీ చెయ్యండి. వేరే మనిషి ఎత్తితే మొదటినుంచి చెప్పుకోవలసి వస్తుంది. అది కష్టమే. కాబట్టి జబ్బు ఎప్పటినుంచి, ఏ మందులు, ఏ డాక్టరు అన్నవి ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే తోడున్నవాళ్లయినా చదివి వినిపించవచ్చు.

ఇక ఒక భయంకరమైన సందర్భం గురించి చెప్పక తప్పదు. రోగి ప్రాణం తీసుకుంటానని అన్నప్పుడో, అప్పటికే ఏదైనా చేసుకున్నప్పుడో లైను తెగితే, సిగ్నల్ కోసం చూస్తూ కూర్చోకూడదు. 108కి చెయ్యాలి. ఒంటరిగా ఒక్క క్షణం వదలకూడదు. సంప్రదింపు మొదట్లోనే మనం ఉన్న ఊరు, వీధి, ఇంకొక మనిషి నెంబరు డాక్టరుకు చెప్పి ఉంచాలి. అప్పుడు లైను తెగినా అవతలివాళ్లు కబురు చెయ్యగలుగుతారు. మనవి మిరప, పత్తి పొలాలు. పురుగు మందు డబ్బా లేని ఇల్లు అరుదు. ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే ఆ డబ్బాలు తాళం వేసిన పెట్టెలో, వేరే ఇంట్లో పెట్టించండి. "నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లు అవుతుందని కొందరు భయపడతారు. అలా ఏమీ జరగదు. అడిగేవాళ్లు ఉన్నారన్న ధైర్యం వస్తుంది. పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టేవాళ్లు కూడా ఉన్నారు. 2017 చట్టం 115వ సెక్షను ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలే గాని శిక్షించకూడదు. 108కి చెయ్యడానికి వెనుకాడకండి.

ఫోనుతో అన్నీ అయిపోతాయని కూడా మేము చెప్పడం లేదు. తిండి నీళ్లు మానేసిన మనిషిని, ఎదురు తిరుగుతున్న మనిషిని, రక్త పరీక్షలు కావలసిన మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవలసిందే. కొన్ని మందులు ఫోనులో రాయకూడదని నియమం కూడా ఉన్నది. "ఒకసారి తీసుకురండి" అని డాక్టరు అంటే అది తప్పించుకోవడం కాదు. గుంటూరు బస్సు ఎక్కండి.

పెద్దలు కొందరు "దర్గాకు తీసుకుపోతే నయమవుతుంది గదా, ఈ ఫోన్లు ఎందుకు?" అంటారు. దువా మానమని ఎవరూ అనడం లేదు. కాని 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడి దర్గా ఊళ్లో, ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టిపడేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయిన సంగతి మరిచిపోకూడదు. గుజరాత్‌లో ఉనావా దగ్గర మీరా దాతార్ దర్గాలో ముజావర్లే రోగులను డాక్టరు దగ్గరికి పంపే పద్ధతి 2008 నుంచి మొదలైంది. దాని పేరే దవా-దువా. రెండూ కలిసి నడవవచ్చునని ఆ పెద్దలే దారి చూపించారు.

చివరగా సంఘం ముందు ఒక కోరిక పెడుతున్నాము. మన సంఘ కార్యాలయంలో వెనక గది ఖాళీగా ఉన్నది. అందులో ఒక కుర్చీ, ఒక బల్ల, గోడకు ఒక ఛార్జరు, కరెంటు పోయినా పనిచేసే ఇంటర్నెట్టు, రెండు జతల ఇయర్‌ఫోన్లు పెట్టిద్దాము. తలుపుకు లోపల గడియ ఉండాలి. ఫోను కలిపి ఇవ్వడానికి ఇద్దరు కుర్రవాళ్లు, ఆడవాళ్ల కోసం ఇద్దరు ఆడపిల్లలు ఉండాలి. పుస్తకంలో తేదీ, వేళ తప్ప పేరు గాని జబ్బు గాని రాయకూడదు. ఆ గదికి ఏ మతంవారు వచ్చినా తలుపు తెరవాలి. ఖర్చు ఒక చిన్న పెళ్లి విందులో పదో వంతు కూడా కాదు.

"ఇది సంఘం చెయ్యవలసిన పనేనా?" అని కమిటీలో ఇద్దరు ముగ్గురు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మా జవాబు ఇది. మన పేటలో ఎవరైనా పోతే పిలవకుండానే వస్తాము. జనాజాకు భుజం మార్చుకుంటూ, తెలియనివాళ్లయినా నాలుగు అడుగులు మోస్తాము. పోయినవాడికి అంత చేసేవాళ్లం, ఉన్నవాడు ఒక గదిలో ఒంటరిగా ఆగిపోయిన తెర వంక చూస్తూ కూర్చుంటే, మనది కాదని ఎలా ఊరుకుంటాము? ఇక్కడ మోయవలసింది కూడా ఎక్కువేమీ కాదు. ఫోను కలిపి ఇవ్వాలి, తలుపు వెయ్యాలి, తెగితే పక్కన కూర్చోవాలి. అంతే.

ఈ కోరికను ఈ సభ ఆమోదించాలని విన్నవించుకుంటున్నాము. ఇళ్లకు పోగానే గోడ మీద క్యాలెండరు పక్కన పెద్ద అంకెలతో 14416, 108 అని రాసి పెట్టండి.